తొమ్మిది రూల్సు, ఒక రాతి తొట్టి

ఆ ఆదివారం పొద్దున సుదర్శనం వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఎగువపల్లెలో తన జామతోట నుంచి ఒక రాతి తొట్టిని చిన్న ట్రాక్టరుకు తగిలించుకుని బయల్దేరడం, రెండున్నర కిలోమీటర్ల అవతల తిరుత్తణి రోడ్డు పక్కనున్న పార్థిబన్ నర్సరీలో దించేయడం, పన్నెండుకల్లా ఇంటికొచ్చి అన్నం తిని నడుం వాల్చడం. అంతే. ఇందులో ఎవరికీ చెవులు కుట్టే పని లేదు. ఆ మాట ఆయన పొద్దున్నుంచి ఇంట్లో మూడుసార్లు చెప్పాడు, ఎవరూ అడగకుండానే.

అడగకుండా చెప్పడానికి కారణం ఉంది. అదే రోజు పదకొండు గంటలకు దిగువపల్లెలో ఆయన చెల్లెలు దేవకి కూతురు జననికి చెవులు కుట్టే పండగ. ఐదేళ్ల పిల్ల. మేనమామ ఒళ్లో కూర్చోబెట్టి కుట్టాలి, కమ్మలు మేనమామే పెట్టాలి, మేళంతో పళ్లాలతో మేనమామ ఇంటి నుంచి సీరు రావాలి. సారె అనే మాట ఆ పక్క తెలుగిళ్లలో ఎప్పుడో పోయింది, అందరికీ అది సీరే. జననికి ఉన్నది ఒక్కడే మేనమామ. ఆ ఒక్కడూ ఈ పూట మోకాళ్ల మీద కూర్చుని ట్రైలరు కొక్కేనికి గ్రీజు పూస్తున్నాడు.

గొడవంతా పోయినేడాది ఇటుకల లోడుతో మొదలైంది. చెల్లెలు ఇంటివెనక గది కట్టుకుంటుంటే, "నేనుండగా లారీ దేనికి?" అని ఈయన తన చిన్న ట్రాక్టరుకు ఇటుకల ట్రైలరు తగిలించాడు. దిగువపల్లె దిగుడులో గేరు మార్చబోయి క్లచ్చి తొక్కాడు. ఇంకేముంది, ఇటుకలు బండిని తోశాయి, బండి ఈయన మాట వినడం మానేసింది, తిన్నగా పోయి బావ రత్నస్వామి కొత్తగా కట్టించిన గేటు ఎడమ స్తంభాన్ని నేలమట్టం చేసింది. మనుషులెవరికీ దెబ్బ తగల్లేదు. "తోటలో కలుపు తీసే బండితో లోడు లాగతావా బావా? నీకు ఖాళీ ట్రైలరు గూడా తోలను రాదు!" అని రత్నస్వామి పదిమంది ముందర అన్నాడు. ఆ ఒక్క మాట తగిలింది. పద్నాలుగు నెలలుగా రాకపోకలు లేవు. రత్నస్వామి ఆ స్తంభాన్ని మళ్లీ కట్టించలేదు, పడింది పడినట్టే ఉంచాడు.

పండగ పత్రిక మాత్రం వచ్చింది. ఫోన్‌లో వచ్చింది. తాంబూలం పళ్లెం పట్టుకుని ఇంటికొచ్చి పిలవాల్సిన మేనమామకు అది, ఎవరో పంపిన శుభోదయం బొమ్మకీ, కరెంటు కోత కబురుకీ మధ్యన వచ్చి పడింది. సుదర్శనానికి మనసు చివుక్కుమంది. ఉన్నమాట చెప్పాలంటే ఏడుపే వచ్చింది. నలభై ఆరేళ్ల మనిషి ఫోన్ చూసి ఏడిస్తే బాగుండదని, "ఆదివారం నాకు పనుండాది" అని గట్టిగా అనేశాడు. పనేమీ లేదు. అనేశాడు కాబట్టి పుట్టించాల్సి వచ్చింది. అలా పుట్టిందే ఈ తొట్టి పని.

తొట్టి ఆయన తల్లి కాలం నాటిది. ఒకే రాయిని తొలిచి చేసింది, ఒకప్పుడు ఆవులు కుడితి తాగిన తొట్టి. ఆవులు పోయి పదేళ్లయింది. తామరపూలు పెంచుకుంటానని పార్థిబన్ ఎప్పటినుంచో అడుగుతున్నాడు, ఇస్తానని ఈయన ఎప్పటినుంచో నాన్చుతున్నాడు. ఇప్పుడు హఠాత్తుగా ఫోన్ చేసి, ఆదివారమే తెస్తాను, ఆదివారం తప్ప ఇంకే రోజూ కుదరదు అన్నాడు.

ఇటుకల సంగతి జరిగాక సుదర్శనం మారిన మనిషి. తిరువళ్లూరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో స్టోర్‌కీపరు ఉద్యోగం ఆయనది. గోడ గోడకూ జాగ్రత్త, జాగ్రత్త అని రాసి ఉండే చోట పద్దెనిమిదేళ్లు పనిచేసి ఒక్కసారీ ఆ గోడ చదవనందుకు సిగ్గుపడ్డాడు. చిన్న ట్రాక్టరుతో పెద్ద బరువు లాగడమెలాగో వీడియోలు చూశాడు, తెలిసిన మెకానిక్ ప్రాణం తీశాడు, చివరికి పాత క్యాలెండరు కాగితం వెనక తొమ్మిది రూల్సు రాసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. లోడు ట్రాక్టరు బరువును మించకూడదన్నది మొదటిది. మూడోదంటే ఆయనకు ప్రాణం: బరువు రెండు పక్కలా సమంగా ఉండాలి. ఐదోది, లోడుతో వెనక్కి పోకూడదు. ఆరోదాన్ని ఎర్ర సిరాతో రాశాడు: దిగుడులో క్లచ్చి తొక్కకూడదు, ఆపకూడదు, ఏ గేరులో మొదలుపెడితే ఆ గేరులోనే కిందికి చేరాలి. ఏడోది, ముందొకరూ వెనకొకరూ నడవాలి, ముందు మనిషి చెయ్యి ఎటు చూపిస్తే బండి అటే పోవాలి. మిగతావి కట్టే తాళ్ల గురించీ, కొక్కెం పిన్ను గురించీ, వెనక కట్టే ఎర్ర గుడ్డ గురించీ, చెవుల్లో పెట్టుకునే బిరడాల గురించీ.

తొట్టిని ముందురోజే చైను పుల్లీతో ఎత్తి ట్రైలరు మధ్యలో, గడ్డి పరుపు మీద దించారు. అది కదిలి ఇనుప అంచులకు తగలకుండా పక్కన మెత్తగా ఏదైనా పెట్టాలి. పోయినవారం గాలికి రెండు అరటిచెట్లు పడ్డాయి. మూడో రూలు ప్రకారం ఈ పక్కొకటి, ఆ పక్కొకటి. పడుకోబెడితే ట్రైలరు పొడవు చాల్లేదు. అందుకని ఆకులతో, గెలలతో సహా ఏటవాలుగా నిలబెట్టి తాళ్లతో బిగించాడు. చూసేవాళ్లకు అది ఎలా కనిపిస్తుందో ఆయన ఆలోచించలేదు. రూల్సులో ఆ సంగతి లేదు.

"ఎర్ర గుడ్డొకటి ఇయ్యి" అన్నాడు భార్య అమృతవల్లితో.

"ఎంత ఎర్రంగా?"

"దూరాన్నుంచి కనపడాల. ఇక్కడ లోడుండాదని వెనకాల వచ్చేటోడికి తెలియాల."

"తెలస్తాదిలే" అంది అమృతవల్లి. లోపలికి వెళ్లి ఒకటి తెచ్చి, తానే ట్రైలరు వెనక కట్టింది. ఎండలో దాని అంచు తళుక్కుమన్నట్టు అనిపించింది కానీ, సుదర్శనం అప్పుడు పిన్నుకు క్లిప్పు తగిలిస్తున్నాడు. లేచి చూసేసరికి ఆమె పట్టుచీరలో ఉంది.

"ఏమే, ఇదేంది?"

"వెనకాల నడిచే మనిషి కావాలంటివి గదా. రెండున్నర కిలోమీటర్లు ఊరంతా చూస్తా ఉంటే నైటీతో నడవమంటావా?"

"చేతిలో ఆ పళ్లెం?"

"దోవలో ఆకలైతే?"

గుడ్డ కప్పిన పళ్లెం కాబట్టి ఉప్మా అయి ఉంటుందనుకున్నాడు. ముందు నడవడానికి పొన్నుస్వామి వచ్చాడు. అరవై ఏళ్లవాడు, తోటపనిలో నమ్మకస్తుడు. ముహూర్తాల రోజుల్లో మేళాలకు వెళ్లి పలక వాయిస్తాడు. ట్రాక్టరు హారను చెడిపోయి నెల అయింది.

"ముందు నడిచే మనిషి ఏదన్నా శబ్దం చెయ్యాల పొన్నుస్వామన్నా. విజిలుండాదా?"

"విజిలు యాడిది తంబీ? పలకుండాది" అన్నాడు పొన్నుస్వామి. తాటాకు మంట మీద కాచి బిగువెక్కించిన తోలు పలకను అప్పటికే భుజాన వేసుకున్నాడు.

"సరే, అదే కానీ."

తొమ్మిదింబావుకు బండి కదిలింది. సుదర్శనం చెవుల్లో నారింజరంగు బిరడాలు రెండూ గట్టిగా తోసుకున్నాడు. మొదటి గేరు, మనిషి నడిచే వేగం. ఇక ఆయనకు ఇంజను ధడధడ తప్ప లోకంలో ఏదీ వినబడదు. స్టీరింగు మీంచి రెండు చేతులూ ఒక్కసారి తీయడు, తల వెనక్కి తిప్పడు. మోటారుసైకిలు అద్దం ఒకటి బిగించాడు గానీ, అందులో వెనక ప్రపంచం ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది.

వీధి మొదట్లో అరుగు మీద వేరుశనక్కాయలు ఒలుస్తున్న గోవిందమ్మ పలక చప్పుడుకు తలెత్తింది. వరసకు అందరికీ పెద్దమ్మ. ముందు మేళం, అరటిచెట్లు కట్టిన బండి, మీద గోనెపట్టాలు కప్పిన పెద్ద వస్తువేదో, వెనక అల్లాడుతున్న ఎర్ర పట్టు, ఆ వెనక పట్టుచీరలో, పళ్లెంతో అమృతవల్లి. గోవిందమ్మ చేతిలోని చేట కింద పెట్టేసింది.

"ఏమయ్యా సుదర్శనం! మేనకోడలికి సీరు తీస్కపోతా ఉండావా? పోడు, పోడు అని నేనే ఊరంతా చెప్పినానే, నా నోట్లో మన్ను పడ!"

సుదర్శనానికి ఆమె నోరు ఆడటం కనిపించింది. తాళ్లు బిగించినావా అని అడుగుతోందనుకుని, బొటనవేలు పైకెత్తి చూపించి తల ఊపాడు. గోవిందమ్మ లోపలికి పరుగెత్తింది. కొబ్బరికాయ, తమలపాకులు, అరడజను అరటిపళ్లు ఒక పళ్లెంలో పెట్టుకుని వచ్చి అమృతవల్లి పక్కన చేరింది.

"ఒక్క మాటన్నా చెప్పలేదే వల్లీ!"

"నేనేం చెప్పేది పెద్దమ్మా? బండి ఆయనది, రూల్సు ఆయనవి."

"సరేలే, రెండు పళ్లాలేంది అపశకునంగా? బేసి లెక్కుండాల" అని గోవిందమ్మ పక్కింటి మోనిషాను కేక వేసింది. మోనిషా పళ్లెం తెచ్చి మూడు చేసింది. ఎదురింటివాళ్లు మేము మాత్రం బంధువులం కాదా అని ఇంకొకటి తెచ్చేసరికి నాలుగయ్యాయి. నాలుగు కూడదు కాబట్టి ఐదు. ఐదిళ్ల తర్వాత అదే లెక్కన పదకొండు.

అద్దంలో సుదర్శనానికి ముందు గోవిందమ్మ మోచెయ్యి కనిపించింది. తర్వాత ఒక అనాసపండు, దాని వెనక ఎవరిదో పూలజడ. ఈవిడకు నర్సరీలో ఏం పనబ్బా అనుకున్నాడు. లోడులోంచి ఏదైనా జారిపడితే ఏరి తెస్తున్నారేమోనని కంగారుపడ్డాడు. కానీ ఆయన లోడులో అనాసపండు లేదు. ఇంకాసేపటికి వెనక పాతికమంది. ముందేదైనా శవయాత్ర పోతుంటే దాటకూడదని ఆగి నడుస్తున్నారేమో అని ముందుకు చూశాడు. ముందు పొన్నుస్వామి ఒక్కడే ఉన్నాడు, మహా ఉషారుగా ఉన్నాడు. హెచ్చరికగా నాలుగడుగులకొక దెబ్బ కొట్టమంటే, ఈయన తిప్పి తిప్పి వాయిస్తున్నాడు.

పూలకొట్టు గుణ కొట్టులోంచి దూకి, నడుస్తున్న బండి పక్కనే నడుస్తూ, మూరెడు లావు చామంతి దండ తెచ్చి ట్రాక్టరు మూతికి వేశాడు. సుదర్శనం అతని వంక వెర్రిచూపు చూశాడు. ఆయుధపూజకు ఇంకా నాలుగు నెలలున్నాయి కదా! వద్దనడానికి చెయ్యి ఊపాడు. గుణ ఆ చేతికి దండం పెట్టి తానూ వెనక చేరాడు. తలా తోకా అర్థం కాక సుదర్శనం ఒకే ఒక్క నిర్ణయానికి వచ్చాడు: ఇంత జాగ్రత్తగా లోడు లాగేవాణ్ని ఈ ఊరు ఇదివరకెన్నడూ చూసి ఉండదు, అందుకే చూడటానికి వస్తున్నారు. ఈ ఆలోచనతో కొంచెం నిటారుగా కూర్చున్నాడు.

ఊరు దాటి అరకిలోమీటరు పోతే దోవ రెండుగా చీలుతుంది. ఎడమకు పోతే నర్సరీ. కుడికి పోతే దిగుడు, దిగుడు అడుగున దిగువపల్లె, దిగువపల్లె మొదట్లోనే రత్నస్వామి ఇల్లు. అక్కడికి చేరేసరికి ఎడమ దోవలోంచి టౌన్ బస్సు వచ్చి నోటికి అడ్డంగా నిలబడింది. డ్రైవరు మేళాన్ని చూశాడు, పళ్లాలను చూశాడు, ఇంజను ఆపేశాడు. కిటికీలోంచి తల బయటపెట్టి, రెండు చేతులూ జోడించి, ఆ చేతులతోనే కుడి దోవ చూపించాడు.

"పోంగో సామీ! తాయ్‌మామన్ సీరు, మేనమామ సీరు! మీరు ముందు పోంగో, మేము నిలబడతాం!"

సుదర్శనం బస్సును వెనక్కి పొమ్మని సైగ చేశాడు. డ్రైవరు నవ్వుతూ మళ్లీ దండం పెట్టాడు. బస్సులోని ఆడవాళ్లు కూడా పెట్టారు. తాను వెనక్కి పోదామంటే ఐదో రూలు, పైగా వెనక యాభైమంది. దిక్కుతోచక పొన్నుస్వామి వంక చూశాడు.

పొన్నుస్వామికీ సగం దోవ నుంచే సందేహంగా ఉంది. నర్సరీకని బయల్దేరాం, మరి ఈ పళ్లాలేంటి? ముప్ఫై ఏళ్లలో ఆయన ఎన్ని సీర్లకు ముందు నడిచాడో లెక్కలేదు. నర్సరీకి సీరు పోవడం ఎక్కడా చూడలేదు. తంబీ మనసు మార్చుకున్నాడు, నోటితో చెప్పడానికి నామోషీ పడుతున్నాడు అని తనకు తానే చెప్పుకున్నాడు. ఆ ఆనందంలో కుడిచెయ్యి బారుగా చాపి, దిగువపల్లె వైపు చూపించి, దరువు మార్చాడు.

ముందు మనిషి చెయ్యి ఎటు చూపిస్తే బండి అటే. అది ఏడో రూలు. రాసుకున్నది తానే. బస్సు దాటిపోగానే కాస్త ముందుకెళ్లి తిప్పుకు రమ్మంటున్నాడు కాబోలు అనుకుని సుదర్శనం స్టీరింగు కుడికి తిప్పాడు. ముందు చక్రాలు వంగి, బండి మూతి కిందికి వాలాక గానీ ఆయనకు తానెక్కడున్నాడో తెలియలేదు. ఇటుకల లోడుతో అభాసుపాలైన దిగుడు. అదే మలుపు, అదే తుమ్మచెట్టు. అడుగున బావ ఇల్లు, షామియానా, ఆ ముందర కూలిన ఎడమ స్తంభం మొండి.

ఆపుదామంటే ఆరో రూలు.

ఎర్ర సిరాతో రాసిన రూలు. ఆపాలంటే క్లచ్చి తొక్కాలి, తొక్కితే తొట్టి తోస్తుంది. తొట్టి ఆరున్నర వందల కిలోలు. కాలు దానంతటదే క్లచ్చి వైపు పోతుంటే, "తియ్యి, తియ్యిరా కాలు" అని తనను తానే తిట్టుకుని వెనక్కి లాక్కున్నాడు. పై ప్రాణాలు పైనే పోయాయి. ఏ గుమ్మం తొక్కనని ఒట్టేసుకున్నాడో ఆ గుమ్మానికే తన రూల్సు తనను నడిపించుకుపోతున్నాయి. రావద్దన్నట్టు ఫోన్‌లో పిలిచిన ఇంటికి, పిలవని మేళంతో, చేతిలో పూచికపుల్ల లేకుండా పోతున్నాడు. ఇంతకంటే మళ్లీ ఆ స్తంభాన్నే గుద్దడం నయమనిపించింది.

వెనక జనం దిగుడు చూసి నాలుగడుగులు వెనక్కి తగ్గారు. ఇటుకల కథ తెలియనివాళ్లు వాళ్లలో లేరు. బండి మాత్రం ధడ్, ధడ్, ధడ్ అంటూ మొదటి గేరులో, నిండు గర్భిణి మెట్లు దిగినంత నిదానంగా దిగింది. తొట్టి అంగుళం కదల్లేదు. మలుపు తిరిగింది. నేల చదునైంది. ఎడమ మొండికి జానెడు, కుడి స్తంభానికి జానెడు వదిలి, గేటులోంచి లోపలికి వెళ్లి, షామియానా ముందు కొలిచి పెట్టినట్టు ఆగింది. సుదర్శనం బ్రేకు వేసి, దిగి, చక్రం కింద రాయి పెట్టి, అప్పుడు చెవుల్లో బిరడాలు తీశాడు.

లోకమంతా ఒక్కసారి చెవుల్లో పడింది. పలక, ఆడవాళ్ల గొంతులు, ఎవరో ఈల, వంటపాకలో గిన్నెల చప్పుడు, ఎక్కడో జనని "మామ వచ్చినాడు!" అని గెంతడం. మేళం వస్తోందని ఊరినుంచి ఎవరో ముందే ఫోన్ చేసినట్టున్నారు, రత్నస్వామి గంధం గిన్నె పట్టుకుని సిద్ధంగా నిలబడి ఉన్నాడు. పక్కన ముకేశ్ ఉన్నాడు, దేవకికి దూరపు తమ్ముడు. మేనమామ రాకపోతే ఒళ్లో కూర్చోబెట్టుకోమని పొన్నేరి నుంచి పిలిపించిన మనిషి. అతను ఊపిరి పీల్చుకుని, పోయి టిఫిను ఆకు ముందు కూర్చున్నాడు.

"ఇంత మేళంతో వస్తావని అనుకోలేదు బావా" అన్నాడు రత్నస్వామి. గంధం తీసి ఆయన చేతికి పూశాడు. "ఇంటికొచ్చి పిలిస్తే, మొగంమీదే రానంటావని బయమేసింది. దానికే ఫోన్‌లో పంపినా. తప్పు నాది."

"అది కాదు బావా, నేను..." అన్నాడు సుదర్శనం. నర్సరీ అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది.

అప్పటికే దేవకి ట్రైలరు దగ్గరికి వెళ్లి గోనెపట్టా లాగేసింది. లాగి, అట్లాగే నిలబడిపోయింది. రాతి అంచు మీద చెయ్యి వేసి తడిమింది. ఒక మూల చిన్న పెచ్చు లేచి ఉంటుంది, ఆ చోటు వేలికి దొరికింది.

"అమ్మ తొట్టి" అంది. "అన్నా, అమ్మ తొట్టి తెచ్చినావా? దీంట్లో కూర్చోబెట్టి గదా నాకు నీళ్లు పోసేది అమ్మ. నాకు బిడ్డ పుడితే ఇది నాకే ఇయ్యాలని పెండ్లప్పుడు చెప్పినా. నువ్వు మర్చిపోయినావనుకున్నా, అన్నా!"

మర్చేపోయాడు. ఇప్పుడు గుర్తొచ్చింది, పెళ్లిపందిట్లో నవ్వుతూ అన్న ఆ మాటా, తాను సరేనని తల ఊపడమూ. ఈ తొట్టిని ఇంకో అరగంటలో తామరపూలకు ఇచ్చేసి ఉండేవాడు. సుదర్శనానికి సిగ్గూ, ఏడుపూ, ఎక్కడలేని ప్రేమా కలగలిసి వచ్చాయి. "మరవలేదమ్మా" అని ఒక అబద్ధం ఆడాడు. ఆ రోజు మొత్తంలో ఆయన తెలిసి చేసిన పని అదొక్కటే.

"ముహూర్తం దాటిపోతాది, కమ్మలు యాడ?" అని ఎవరో తొందరపెట్టారు.

సుదర్శనం ఖాళీ జేబులు తడుముకున్నాడు. అమృతవల్లి ముందుకొచ్చి పళ్లెం మీది గుడ్డ తీసింది. ఉప్మా లేదు. పసుపు, కుంకుమ, ఎర్రటి చిన్న డబ్బాలో రెండు బుల్లి బంగారు కమ్మలు. ఆ తర్వాత ఆమె వెళ్లి ట్రైలరు వెనక ముడి విప్పి ఎర్ర గుడ్డ దులిపింది. గుడ్డ కాదు, ఐదేళ్ల పిల్లకు సరిపోయే పట్టు పావడ.

"నువ్వు... ఇదంతా..." అన్నాడు సుదర్శనం.

"ఎర్రంగా దూరాన్నుంచి కనపడాలంటివి గదా" అంది అమృతవల్లి. "చీలుదోవలో ఎవురి చేతనన్నా పంపిద్దామనుకున్నా. అటు తిరిగింది నువ్వు. నన్నడగతావేంది?"

పదకొండు దాటకముందే జనని మామ ఒళ్లో కూర్చుంది. కుట్టేవాడు సూది తీస్తుంటే, ఆ పిల్ల భయపడకుండా మామ జేబులోని కాగితం లాగి ఆడుకుంది. ఒక చెవికి ఒకసారి, రెండో చెవికి ఒకసారి కెవ్వుమంది. రెండుసార్లూ పిల్లకంటే ముందు సుదర్శనం కళ్లు తుడుచుకున్నాడు. కాగితం జారి రత్నస్వామి కాళ్ల దగ్గర పడింది. ఆయన తీసి, కూడబలుక్కుంటూ తొమ్మిది రూల్సూ చదివాడు.

"ఇవన్నీ రాసుకోని వచ్చినావా?" అన్నాడు. "పోయినేడు అట్లా అనుండగూడదు బావా. తోలడమంటే ఇదీ."

ఆ మాట కోసం సుదర్శనం పద్నాలుగు నెలలు ఎదురుచూశాడు. వినగానే ఆకలి కూడా తీరిపోయినట్టయింది, అయినా మూడుసార్లు పాయసం పోయించుకున్నాడు. ముప్ఫైమంది దుంగలు వేసి తొట్టిని దించి బావి పక్కన పెట్టారు. ఫోన్ చూసుకుంటే పార్థిబన్ పదిహేడుసార్లు పిలిచి ఉన్నాడు. అప్పుడే పద్దెనిమిదోసారి పిలిచాడు. "అన్నా, బస్సోళ్లు చెప్పినారులే. నాకూ ఒక ఆకు వెయ్యమను, వస్తా ఉండా" అన్నాడు.

సాయంత్రం నాలుగింటికి సుదర్శనం బయల్దేరాడు. అమృతవల్లి పాత్రలు సర్దే పనిలో ఉండిపోయింది. పొన్నుస్వామి పలక తలకింద పెట్టుకుని షామియానా నీడలో గురక పెడుతున్నాడు. ముందు షామియానా ఉంది కాబట్టి బండి గేటులోంచి వెనక్కి పోవాలి. రత్నస్వామి గేటు దాకా వచ్చి, "వెనక ఎవురన్నా నిలబడాల్నా బావా?" అని అడిగాడు. రూల్సు కాగితం ఇంకా ఆయన జేబులోనే ఉంది.

"దేనికి బావా? లోడు లేదు గదా, ఖాళీ ట్రైలరు" అని సుదర్శనం హాయిగా నవ్వాడు. అందరికీ చెయ్యి ఊపాడు. జననికి రెండుసార్లు ఊపాడు. ఊపుతూనే వెనక గేరు వేశాడు.

వెనక్కి పోయేటప్పుడు స్టీరింగు ఎటు తిప్పితే ట్రైలరు దానికి ఎదురు పక్కకు పోతుంది. తొమ్మిది రూల్సులో ఆ సంగతి లేదు. ధన్‌మని ఒక చప్పుడు, ఆ తర్వాత కొంచెం దుమ్ము లేచింది. గేటు కుడి స్తంభం రోడ్డు మీద వెల్లకిలా పడి ఉంది. సుదర్శనం స్టీరింగు పట్టుకుని, బావ వంక చూసే ధైర్యం లేక, చామంతి దండ వంక చూస్తూ కూర్చున్నాడు.

రత్నస్వామి ఎడమ పక్క చూశాడు. కుడి పక్క చూశాడు. జేబులోంచి క్యాలెండరు కాగితం తీసి, మడత విప్పి, వేలు పెట్టి వెతికాడు.

"మూడో రూలు బావా" అన్నాడు. "ఇప్పుడు రెండు పక్కలా సమం."